మూడు పెన్నీల తేయాకు సుంకం గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ తేయాకు సుంకం గారికి నమస్కరించి వ్రాయునది.

నిన్న సాయంత్రం మా అబ్బాయి చరిత్ర జవాబు పత్రం ఇంటికి వచ్చింది. ‘తేయాకు ధర పెరిగినందువల్ల అమెరికా వలసవాసులు తిరుగుబాటు చేశారు’ అన్న వాక్యం ఎదుట వాడు ‘తప్పు’ అని రాస్తే, దాని మీద ఎర్రసిరాతో అడ్డగీత గీసి ఒక మార్కు కోశారు. ఆదివారం మధ్యాహ్నమంతా దగ్గర కూర్చుని ఆ పాఠం చెప్పినవాణ్ణి నేనే కనుక ఆ సున్నా నాకు వచ్చినట్టే లెక్క. ఇందులో అసలు దోషి తమరే కనుక ఈ లేఖ తమకే రాస్తున్నాను.

వలసల్లోని పత్రాల మీద, పత్రికల మీద పన్ను వేసి ఏడాదికే రద్దయిపోయిన మీ అన్నగారు స్టాంపు చట్టం సంగతి వదిలేద్దాం. 1767లో బ్రిటిష్ ఆర్థికమంత్రి టౌన్‌షెండ్ గారు, పౌను తేయాకుకు మూడు పెన్నీల చొప్పున, మిమ్మల్ని గాజు, సీసం, రంగులు, కాగితాల మీది సుంకాలతో పాటు పుట్టించారు. వలసవాసులు ఇంగ్లండు సరుకు కొనడం మానేయగానే 1770లో మీ తోబుట్టువులందరినీ సాగనంపి, మిమ్మల్ని మాత్రం అట్టేపెట్టుకున్నారు. అంతకు ముందు, 1769 మే 1న, మంత్రివర్గంలో మిమ్మల్నీ తీసేద్దామన్నవారు ప్రధాని గ్రాఫ్టన్‌తో కలిపి నలుగురు, ఉంచుదామన్నవారు అయిదుగురు. ఒక్క వోటు! పన్ను వేసే హక్కు తమకున్నదని చాటడానికి గుమ్మానికి వేలాడదీసిన గుమ్మడికాయ తమరు.

ఇక ధర సంగతి. అప్పటికే మా ఉత్తర సర్కారులను చేజిక్కించుకున్న ఈస్టిండియా కంపెనీ అప్పుల్లో కూరుకుపోగా, దాని తేయాకు లండన్ గోదాముల్లో గుట్టలుగా పడి ఉన్నది. దానిని గట్టెక్కించడానికి 1773లో పార్లమెంటు ఇంగ్లండులో కట్టవలసిన సుంకాన్ని వదులుకుని, సరుకును నేరుగా అమెరికాకు పంపుకోనిచ్చింది. దానితో ఆ తేయాకు దొంగచాటుగా వచ్చే డచ్చి తేయాకు కంటే కూడా చౌక కాబోయింది. ధర తగ్గింది, మాస్టారూ, తగ్గింది! కానీ ఆ చౌక తేయాకు కొన్నవాడు మీ మూడు పెన్నీలూ కట్టాలి, అంటే తన ప్రతినిధి ఒక్కడూ లేని సభ తనపై పన్ను వేయవచ్చునని ఒప్పుకోవాలి. బెల్లంలో పెట్టి మింగించబోయిన మాత్ర మీరు. పైగా మీ రాబడితోనే బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలస గవర్నరు హచిన్సన్‌కు జీతం. జీతమిచ్చేవాడి మాట కాక స్థానిక సభ మాట ఆయన ఎందుకు వింటాడు? ఆ సరుకు దించుకునే ఏజెంట్లలో ఆయన కొడుకులు ఇద్దరుండడం కేవలం యాదృచ్ఛికమనే నమ్ముదాం.

తరువాతి కథ తమకు తెలియనిది కాదు. 1773 డిసెంబరు 16 రాత్రి వలసవాసులు పారబోసిన 342 పెట్టెల తేయాకు బోస్టన్ రేవు నీళ్లలో కలిసింది. దాని ఖరీదు కట్టేవరకూ పార్లమెంటు రేవును మూసేసి ఊరందరి పొట్టా మాడ్చబోతే, దక్షిణ కరొలినా నుంచి బియ్యం వచ్చింది. ఊరిని వేరుచేయబోయి పన్నెండు వలసలను ఫిలడెల్ఫియాలో ఒకచోట కూర్చోబెట్టారు. 1775 ఏప్రిల్ 19 తెల్లవారుజామున, కాంకర్డ్‌లో దాచిన ఆయుధాల కోసం బయలుదేరిన బ్రిటిష్ సైనికులు దారిలో లెక్సింగ్టన్ పచ్చికమీద ఎనిమిది మంది వలసవాసులను చంపారు. మూడు పెన్నీలకు ఎనిమిది ప్రాణాలు, అదీ మొదటి గంటలోనే! మీకు సిగ్గన్నది ఉన్నదా?

సారటోగాలో ఒక బ్రిటిష్ సైన్యమంతా లొంగిపోయి, ఫ్రాన్సు అవతలి పక్షంలో చేరిన తరువాత, 1778లో పార్లమెంటు మిమ్మల్ని రద్దు చేసింది. ఆ కబురు పట్టుకుని వెళ్లిన రాయబారులను అమెరికావారు కూర్చోమని కూడా అనలేదు. 1769 మే 1న ఆ అయిదో మంత్రికి జలుబు చేసి ఇంట్లో పడుకుని ఉంటే ఎంత బాగుండేది!

రేపు ఉదయం జవాబు పత్రం పట్టుకుని బడికి వెళ్తున్నాను. ఒక్క మార్కు కోసం ఇంత రాద్ధాంతమా అని మా ఆవిడ అడిగింది. మార్కు కోసం కాదు, హక్కు కోసం అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక, అంతకు ముందు దాన్ని ఎవరు అన్నారో గుర్తుకు వచ్చింది.

ఇట్లు,
ఒక మార్కు పోయిన కుర్రవాడి తండ్రి