పాలిషింగ్ మిషన్ గారికి బానెట్ యజమాని వ్రాయునది

మహారాజశ్రీ పాలిషింగ్ మిషన్ గారి దివ్యసముఖమునకు,

వేదాయపాళెం నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క కారు తప్ప. తమరు మంచం కింద అట్టపెట్టెలో క్షేమంగానే ఉన్నారని తెలుసు, పెట్టింది నేనే కనుక. నాలుగు మాటలు ముఖాముఖి అడుగుదామనుకున్నాను గానీ, తమరి వైరు కనపడితే చాలు చేతులు వణుకుతున్నాయి. కోపంతో అనుకునేరు. మధ్యాహ్నం మూడు గంటలు తమరిని పట్టుకున్నందుకు ఎక్కిన వణుకు ఇంకా దిగలేదు. ఇందాక అన్నంలో వేసుకోవాల్సిన రసం సగం పీట మీదే పోసుకున్నాను.

కారు మీది గీతలు తీసేయమని తమరిని ఇంటికి పిలిచింది నేనే, కాదనను. మైపాడు నుంచి వస్తూ ఒక రాత్రి పెట్రోలు బంకులో ఆగినప్పుడు పైనున్న లైటు బానెట్ మీద పడింది. ఆ వెలుగు చుట్టూ సాలెగూడులాగా సన్నటి గీతలు. ఏడేళ్ళుగా ఉన్నవే. మా ఆవిడకు కనపడలేదు, పిల్లలకు కనపడలేదు, గాలి పట్టే కుర్రాడికీ కనపడలేదు. నాకు కనపడ్డాయి. అంతే, నాకు నిద్ర దూరమైంది. తర్వాత తెలిసింది ఏమిటంటే ఆ గీతలు గీసింది కూడా నేనే. పొదలకూరు రోడ్డు దుమ్మంతా మోసుకొచ్చిన కారును రోజూ పొద్దున్నే పొడి బనియన్ గుడ్డతో భక్తిగా తుడిచాను కదా, ఆ ఇసుకతోనే ఏడేళ్ళు తోమాను. పైగా బోరు నీళ్ళతో కడిగి ఎండలో వదిలేస్తే పడ్డ తెల్లటి సున్నం మచ్చలొకటి.

తమరి డబ్బా మీద "అరగంటలో అద్దంలాంటి మెరుపు" అని రాసి ఉంది. వీడియోలో ఒకాయన తమరిని ఒంటిచేత్తో, చెమట పట్టకుండా, ఇస్త్రీ చొక్కా వేసుకుని నడిపిస్తున్నాడు. ఆయన షెడ్డులో ఏసీ ఉందన్న సంగతి నేను ఇవాళే గమనించాను.

పొద్దున ఐదింటికి లేవాలనుకున్నవాణ్ణి ఎనిమిదింటికి లేచి, దోసెలు తిని, కారు కడిగి, తమరిని డబ్బాలోంచి దించేసరికి పన్నెండు. రోళ్ళు పగులుతాయనే రోహిణీ కార్తె. వేపచెట్టు నీడ అప్పటికే గోడ దాటి పక్కింట్లోకి పోయింది. రేకు చల్లగా ఉండాలి, నీడలో చేయాలి అని తమరి కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉందట. మా బానెట్ మీద అప్పుడు అప్పడం కాల్చుకోవచ్చు. కాంపౌండ్, అదే గీతలు అరగదీసే పేస్టు, చుక్క పడ్డం ఆలస్యం, ఎండి పిండైపోయింది. ఆ పిండి వైపర్ సందుల్లో, నల్ల రబ్బర్లలో, కంపెనీ పేరు అక్షరాల మధ్యలో దూరి కూర్చుంది. టేపు అంటించి ఉంటే దూరేది కాదు. పాత టూత్ బ్రష్‌తో గీకుతూనే ఉన్నాను, ఒక అక్షరం ఇంకా పాలు తాగిన పిల్లి మూతిలాగే ఉంది.

ఇంకా చిన్నవి కొన్ని. తమరి వైరు మీటరున్నర. వంటింటి కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగితే, మిక్సీ ప్లగ్గు పీకినందుకు చట్నీ ఆగిపోయింది. కాంపౌండ్‌ను తమరి ముందు తిరిగే ఉన్ని ప్యాడ్ మీద వేసి, ఆ ప్యాడ్‌ను రేకుకు ఆనించకుండా గాల్లోనే స్విచ్ నొక్కడం నా తప్పే. అయినా తమరు ఆ కాంపౌండ్‌నంతా తీసుకెళ్ళి పక్కింటి మామ ఆరేసుకున్న తెల్ల పంచె మీదే చల్లాలా? ఆయన బయటికొచ్చి, పంచె చూసి, నన్ను చూసి, "ఏంది అబ్బయా, పెరుగు చిలకతా ఉండావా?" అన్నాడు.

అవన్నీ మర్చిపోతాను. ముగ్గు సంగతి కూడా దాదాపు మర్చిపోయాను. గీతలు తీసేయమని పిలిస్తే తమరు బానెట్ నిండా చుట్లు చుట్లుగా మెలికల ముగ్గు పెట్టారు. పాత గీతలు నా ఒక్కడికే కనపడేవి, ఈ ముగ్గు ఎండలో వీధి చివరి ఇడ్లీ బండి దాకా కనపడుతోంది. దీన్ని హోలోగ్రామ్ అంటారట. మెత్తటి ప్యాడ్ పెట్టి, సన్న రకం పాలిష్‌తో మళ్ళీ తిప్పితే పోతుందట. సరే, పోనివ్వండి.

కానీ ఆ నీలం సంగతి?

అక్కడికే వస్తున్నాను. బానెట్ మధ్యలో నుంచి పక్కకు వెళ్తే, ఫెండర్ దగ్గర రేకు మడత తిరిగే గీత ఒకటి ఉంది కదా. అక్కడ ఒక మొండి గీత నా చూపుకు తగిలింది. గోరు పెట్టి చూస్తే గోరు ఆగింది. గోరు ఆగిందంటే గీత లోతుగా ఉందని, దాని జోలికి పోకూడదని అర్థం. నాకు అప్పటికి తెలియదు, తమరికి తెలుసు. ఐదో నంబరు స్పీడులో పెట్టి, తమరి మీద నా బరువంతా వేసి నొక్కాను. రెండు నిమిషాలకు తెల్లటి ఉన్ని ప్యాడ్ మీద నీలం రంగు వచ్చింది. లేత నీలం, తర్వాత చిక్కటి నీలం.

మురికి వదులుతోందనుకున్నాను.

నవ్వకండి. ఏడేళ్ళ మురికి ఎంత లోతుకు దిగిందో అని మురిసిపోయాను. మా ఆవిడను పిలిచాను. పెద్దోణ్ణి పిలిచి ప్యాడ్ చూపించి, చూడరా, కష్టపడితే ఇట్టా ఉంటుంది ఫలితం అని చెప్పాను. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. నలుగురు బొటనవేళ్ళు పెట్టారు. మళ్ళీ వచ్చి ఇంకాస్త గట్టిగా నొక్కాను. అప్పుడు కావలి నుంచి బావమరిది మెసేజ్ వచ్చింది: "మీ కారు మురికి కూడా నీలంగానే ఉంటుందా బావా?"

మా కారు రంగు ముదురు నీలం.

మిషన్ ఆపి గుడ్డతో తుడిచాను. రూపాయి బిళ్ళంత మచ్చ. చుట్టూ మెరుపు, మధ్యలో మెరుపు లేదు, ఆ మధ్యకు మధ్యలో బూడిద రంగు. ఎంత రుద్దినా తడి ఉన్నంతసేపు బాగుండి, ఆరగానే మళ్ళీ కళ్ళు తెరుస్తుంది. ఆదివారం అయినా సరే, ఆటోనగర్‌లో తెలిసిన పెయింటర్‌కు ఫొటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "అంచు మీద పెట్టినావా అన్నా?" అనడిగాడు, డాక్టరు పేషెంటు బంధువును అడిగినట్టు. ఆయన చెప్పింది ఇది. రంగు పైన క్లియర్ కోట్ అని రంగులేని పొర ఒకటి ఉంటుంది. మెరుపంతా దానిదే. చాలా కార్లకు దాని మందం 35 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే నేను మూడు గంటలుగా వెంట్రుకలో సగం మందం మీద ఎక్కి తొక్కుతున్నాను. మడతల దగ్గర పెయింట్ జారి ఆ పొర ఇంకా పలచన, పైగా ప్యాడ్ బరువంతా ఆ సన్న గీత మీదే పడుతుంది. క్లియర్ కోట్ ఉన్న కారుకు ప్యాడ్ మీద రంగు అంటిందంటే పై పొర అయిపోయినట్టే. అప్పుడు ఆపాలి. ఫొటో తీయకూడదు.

"ఇప్పుడేం చేయాలి?" అన్నాను. "బానెట్ మొత్తం మళ్ళీ పెయింట్ కొట్టాల్సిందే, 6,000 అవుద్ది" అన్నాడు.

ఇప్పుడు చెప్పు. ఇక మీరూ తమరూ లేదు. చెప్పు, నీకు నోరు లేదా? చట్నీ చేసే మిక్సీయే బరువు ఎక్కువైతే మూలిగి ఆగిపోతుంది. నీకు ఒక తమ్ముడున్నాడట, డ్యూయల్ యాక్షన్ అని. వాడు తిరుగుతూ అటూ ఇటూ ఊగుతాడట, గట్టిగా నొక్కితే తిరగడం మానేసి ఊరికే వణుకుతాడట. నా వల్ల కాదు సామీ, చెయ్యి తియ్యి అని చెప్పడమే కదా అది! కొత్తవాళ్ళు వాడినే పట్టుకోవాలట. నువ్వు వాడికన్నా 1,500 తక్కువకు వచ్చావని నిన్ను తెచ్చాను. నువ్వు నిమిషానికి 3,000 చుట్లు, నొక్కినా తిరుగుతావు, నీలం వచ్చినా తిరుగుతావు, కొంప మునిగినా తిరుగుతావు. 1,500 మిగిలింది, 6,000 పోయింది. మా పెద్దోడు ఈ లెక్క గట్టిగా చదివి వినిపించాడు. కష్టపడితే ఫలితం ఇట్టా ఉంటుందా నాన్నా అని కూడా అడిగాడు.

అమ్మ వచ్చి మచ్చ చూసి, "పోనీలేరా, దిష్టి చుక్క అనుకో" అంది. దిష్టి తగలడానికి ముందు అందం ఉండాలి కదమ్మా!

ఇక్కడితో ఉత్తరం ముగిద్దామనుకున్నాను. మూడింటికి కరెంటు పోయింది, దేవుడి దయ. ఆరింటికి వచ్చింది. నాకు ఓపిక లేదు, నొక్కే బలం లేదు. సామాను సర్దేముందు వెనక డోరు మీద, కింది భాగంలో, ఎవరూ చూడని చోట మూరెడు జాగాలో నాలుగు శనగగింజలంత కాంపౌండ్ వేసి, ఒకటో నంబరులో పరిచి, మూడులో నిదానంగా తిప్పాను. నీ బరువే నీకు చాలనిపించింది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. రేకు చల్లబడి ఉంది. తుడిచాక వరండా ట్యూబ్‌లైటు అందులో గీత గీసినట్టు తిన్నగా కనపడింది. సాలెగూడు లేదు, ముగ్గు లేదు. మా ఆవిడ వంగి అందులో పాపిట సర్దుకుంటూ, "ఇట్టా మొత్తం చేస్తే పోయేది కదండీ" అంది.

నేనేమీ మాట్లాడలేదు. నువ్వూ మాట్లాడలేదు. రాత్రి టార్చి పట్టుకుని నాలుగుసార్లు వెళ్ళి ఆ మూరెడు జాగా చూసొచ్చాను. నాలుగుసార్లూ మచ్చ వైపు నుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్ళాను.

పెయింటర్ పనికిరాని పాత డోరు ఒకటి 300కు ఇస్తానన్నాడు, ముందు దాని మీద చెయ్యి తిప్పుకోమని. వచ్చే ఆదివారం పొద్దున ఐదింటికి లేపుతాను, ఈసారి నిజంగానే. ఆ డోరు ఎర్రది. ప్యాడ్ మీద ఎరుపు కనపడిందంటే ఫొటో తీయను, ప్లగ్గే పీకుతాను.

ఇట్లు,
తమ విధేయుడు కాని
బానెట్ యజమాని

తా.క.: పంచె ఉతికినా మరక పోలేదు. మామ కొత్తది అడగలేదు గానీ, రోజూ ఆ పంచే కట్టుకుని మా గేటు ముందు నుంచి వెళ్తానన్నాడు.