ఐఎస్‌ఓ 45001 సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన కాంట్రాక్టరు బాధ్యత తీరిపోదు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు కాంట్రాక్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "ఐఎస్‌ఓ 45001 ప్రభుత్వ గుర్తింపు ఉన్న భద్రతా సర్టిఫికెట్. ఇది ఉంటే సైటులో ప్రమాదం జరిగినా కాంట్రాక్టరుకు బాధ్యత ఉండదు. లేబర్ ఆఫీసు రిజిస్ట్రేషన్, సెస్సు అక్కర్లేదు. విదేశాల్లో ఇది లేనివారిని చట్టం పని చేయనివ్వదు. పెద్ద కంపెనీలు దీన్నే అడుగుతున్నాయి. ఆధార్, పాన్ పంపితే రెండు రోజుల్లో ఇంటికి వస్తుంది."

ఐఎస్‌ఓ 45001 అంటే పనిచోట భద్రత, ఆరోగ్యం కోసం ఏ ఏర్పాట్లు ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం. సందేశంలో పెద్ద కంపెనీలు అడుగుతున్నాయన్న మాట ఒక్కటే నిజం. మిగతావన్నీ తప్పు. నమ్మి డబ్బు కట్టినవారు మళ్లీ సంపాదించుకోగలరు. కానీ బాధ్యత తీరిపోయిందనుకుని సైటులో జాగ్రత్తలు వదిలేస్తే పోయేది కూలీల ప్రాణాలు. అందుకే ఈ సందేశాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను.

అన్నిటికంటే ప్రమాదకరమైనది బాధ్యత ఉండదన్న మాట. పనిలో ఉండగా, పని కారణంగా జరిగిన ప్రమాదంలో కార్మికుడు గాయపడినా, చనిపోయినా యజమాని పరిహారం చెల్లించాలన్నది 1923 నాటి చట్టం నుంచి ఉన్న నియమం. ఆ చట్టం ఇప్పుడు 2020 సామాజిక భద్రతా స్మృతిలో కలిసింది, నియమం మాత్రం అలాగే ఉంది. యజమాని నిర్లక్ష్యాన్ని బాధితుడి కుటుంబం రుజువు చేయనక్కర్లేదు. యజమాని దగ్గర ఏ సర్టిఫికెట్ ఉందన్న ప్రశ్నే అక్కడ రాదు. మరణించినప్పుడు నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. ముప్పై ఏళ్ల వయసుకు ఆ గుణకం 207.98. వేతనాన్ని 15,000 రూపాయలుగా తీసుకుంటే అందులో సగం 7,500, దాన్ని 207.98తో గుణిస్తే 15,59,850 రూపాయలు. ముప్పై ఏళ్ల తాపీ పనివాడు పరంజా మీది నుంచి పడి చనిపోతే అతని భార్యాబిడ్డలకు చట్టప్రకారం రావలసిన సొమ్ము అది. గోడకు వేలాడదీసిన సర్టిఫికెట్ చూపి అందులో ఒక్క రూపాయి కూడా తగ్గించుకోలేరు.

"ఏం జరిగినా నాదే పూచీ అని కూలీ చేత ముందే సంతకం పెట్టించుకున్నాం" అని కొందరు ధీమాగా చెబుతారు. పరిహార హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఏ ఒప్పందమూ చెల్లదని చట్టంలోనే ఉంది. "హెల్మెట్ ఇచ్చాం, పెట్టుకోలేదు" అన్న వాదన చిన్న గాయాల విషయంలో చేసి చూడవచ్చునేమో గానీ, మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి అది వర్తించదు. తాగి ఉన్నాడన్న వాదనకూ ఇదే వర్తిస్తుంది. "పైన పెద్ద కంపెనీ ఉంది కదా, నేను సబ్ కాంట్రాక్టర్‌నే" అన్నా తప్పించుకోలేరు. పరిహారాన్ని ముందు పై యజమాని దగ్గర వసూలు చేయవచ్చు, కానీ ఆయన దాన్ని మళ్లీ కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకుంటాడు. కూలీకి, కంపెనీకి మధ్యలో ఉన్నవాడు చేతులు దులుపుకోకూడదన్న ఆలోచన ఒడిశాకు కొత్త కాదు. బయటి రాష్ట్రాల పనులకు కూలీలను తీసుకెళ్లే ముఠా సర్దార్ల చేతుల్లో ఆ కూలీలు (ఇక్కడ వారిని దాదన్ కూలీలు అంటారు) పడే బాధలు చూసి 1975లోనే ప్రత్యేక చట్టం తెచ్చిన రాష్ట్రం ఇది. ఇతర రాష్ట్రాలకు వలస వెళ్లే కార్మికుల కోసం కేంద్రం చట్టం చేసింది ఆ తర్వాత, 1979లో.

ఇక రిజిస్ట్రేషన్, సెస్సు. పదిమంది, అంతకు మించి కార్మికులున్న నిర్మాణ సంస్థ నమోదు కావాలన్నది 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం పెట్టిన నియమం. పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినా పదిమంది అన్న ఆ హద్దు మారలేదు. ఐఎస్‌ఓ సర్టిఫికెట్ ఉన్నవారికి మినహాయింపు అని ఏ స్మృతిలోనూ లేదు. నిర్మాణ వ్యయం మీద ఒక శాతం సెస్సు కూడా అలాగే ఉంది. ప్రభుత్వ పనుల్లో దాన్ని బిల్లు దగ్గరే పట్టుకుంటారు కాబట్టి ఎగవేత ప్రశ్న ఎక్కువగా ప్రైవేటు పనుల్లోనే వస్తుంది. ఆ సొమ్ము నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు వెళ్లి ప్రమాద సాయంగా, ప్రసూతి సాయంగా, పిల్లల చదువుల సాయంగా తిరిగి కూలీల ఇళ్లకే చేరాలి. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో తొంభై రోజులు నిర్మాణ పని చేసినవారు అందులో చేరవచ్చు. తమ కూలీలను ఆ బోర్డులో చేర్పించి కార్డులు ఇప్పించే పని మీద కాంట్రాక్టర్లు కాస్త శ్రద్ధ పెడితే ఎంత మేలు!

ప్రభుత్వ గుర్తింపు, రెండు రోజులు అన్న మాటలను కలిపే చూడాలి. 45001 అనే ప్రమాణాన్ని 2018 మార్చిలో ప్రచురించింది జెనీవాలోని ఐఎస్‌ఓ. ఆ సంస్థ ఎవరికీ సర్టిఫికెట్లు ఇవ్వదు. తనిఖీ చేసి ఇచ్చేవి వేరే సంస్థలు. ఆ సంస్థలకు ఆ పని చేసే అర్హత ఉందో లేదో పరీక్షించడానికి వాటి పైన మరో వ్యవస్థ ఉంటుంది. మన దేశంలో ఆ పని క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఉన్న ఎన్‌ఏబీసీబీ చేస్తుంది. అసలైన తనిఖీ రెండు దశల్లో సాగుతుంది. మొదట పత్రాలు, ఏర్పాట్లు చూస్తారు. తర్వాత పని జరిగే చోటికి వచ్చి మేస్త్రీతో, కూలీలతో మాట్లాడతారు. సర్టిఫికెట్ గడువు మూడేళ్లు, ఈలోగా ఏటా మళ్లీ వచ్చి చూస్తారు. ఆధార్, పాన్ కాపీలు చూసి సైటులో పరంజా గట్టిగా ఉందో లేదో ఎవరు చెప్పగలరు?

బరంపురంలో ఒక చిన్న కాంట్రాక్టరు అలా వచ్చిన సర్టిఫికెట్ నాకు చూపించారు. చుట్టూ బంగారు రంగు అంచు, పైన భూగోళం బొమ్మ, మూలన మెరిసే స్టిక్కరు. పని పరిధి అన్న చోట రోడ్లు, భవనాలు, సెక్యూరిటీ గార్డుల సరఫరా, క్యాటరింగ్ అని వరసగా రాసి ఉంది. ఆయన వంట పని ఎన్నడూ చేయలేదు. అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో ఓహెచ్‌ఎస్‌ఏఎస్ 18001 అని ఉంది. అది 45001 రాకముందు వాడుకలో ఉన్న పాత ప్రమాణం. దాని గడువు 2021 సెప్టెంబరుతోనే ముగిసింది. సర్టిఫికెట్ ఇచ్చినవారికి ఆ అర్హత ఎవరు ఇచ్చారో తెలిపే గుర్తు ఎక్కడా లేదు.

విదేశాల మాట. బ్రిటన్‌లో కాంట్రాక్టర్ల భద్రతా ఏర్పాట్లను పరిశీలించి గుర్తింపునిచ్చే చాస్ లాంటి పథకాలు ఉన్నాయి. పని ఇచ్చేవారు వాటిని అడుగుతారు కాబట్టి కాంట్రాక్టర్లు చేరతారు. చేరి తీరాలని చట్టం చెప్పదు. అక్కడి 2015 నాటి నిర్మాణ నిబంధనలు కోరేది పనికి తగిన నైపుణ్యం, పరిజ్ఞానం, అనుభవం. గుర్తింపు ఉన్నా లేకపోయినా ఆ బాధ్యత తప్పదు.

పెద్ద కంపెనీలు అడుగుతాయన్నది నిజమేనని ముందే ఒప్పుకున్నాను. కోరాపుట్, నవరంగపూర్ జిల్లాల మీదుగా సాగే రాయపూర్–విశాఖ రహదారి లాంటి పనుల్లో చిన్న భాగమైనా దక్కాలని ఆశించే కాంట్రాక్టరుకు దీని మీద ఆసక్తి కలగడం సహజం. నిజంగా సంపాదించుకుంటే మంచిదే. అయితే అది ఏం కోరుతుందో తెలుసుకుని దిగాలి.

ముందుగా కూలీలను అడగాలి, వారు చెప్పింది వినాలి. భాష రాకపోవడం, చదువు రాకపోవడం అందుకు అడ్డు కాకుండా చూడాలని ఆ ప్రమాణం గుర్తు చేస్తుంది. మన జిల్లాల్లో దీనికున్న విలువ ఇంతా అంతా కాదు. గజపతి జిల్లాలో ఒక సైటును తలచుకోండి. ఇంజనీరు ఒడియా మాట్లాడతాడు, మేస్త్రీ తెలుగువాడు, తట్ట మోసేవారు సవరలు. గేటు దగ్గర భద్రతా నియమాల బోర్డు మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. స్లాబు కింద సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో, ఏ కరెంటు తీగను ముట్టుకోకూడదో సవర కూలీకి అతని భాషలో చెప్పే మనిషి ఉండాలి. "ఇక్కడ భయంగా ఉంది, నేను దిగను" అని అతను అంటే ఆ రోజు కూలి కోయకూడదు. తనిఖీకి వచ్చే మనిషి నిజాయితీపరుడైతే ముందుగా చూసేది ఇదే.

రెండోది, ప్రమాదాన్ని మూలంలోనే తీసేయాలి. అది కుదరనప్పుడే మిగతా జాగ్రత్తలు; హెల్మెట్లు, బెల్టులు ఆ వరసలో చివరివి. ఇక్కడ మురుగు కాలువలకు, పైపులకు కందకాలు తవ్వే పనులు చూస్తే గుండె దడదడలాడుతుంది. నిలువెత్తు లోతు తవ్వుతారు. తీసిన మట్టిని సరిగ్గా అంచు మీదే పోస్తారు. లోపలున్నవారికి హెల్మెట్ ఇచ్చి ఫోటో తీస్తారు. ఒక ఘనమీటరు మట్టి బరువు ఒకటిన్నర టన్నులకు పైమాటే. వానకు నానిన గట్టు విరిగి ఛాతీ వరకు కప్పేస్తే ఊపిరి ఆడదు, తలమీద హెల్మెట్ ఉన్నా ఫలితం లేదు. తవ్వకాల మీద మన సొంత భారతీయ ప్రమాణం ఐఎస్ 3764 ప్రకారం ఒకటిన్నర మీటరు లోతు దాటితే పక్కలకు పలకలు, దుంగలు ఆనించాలి. తవ్విన మట్టిని అంచు నుంచి ఒకటిన్నర మీటరు గానీ, లోతులో సగం గానీ, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. ఎక్కి రావడానికి నిచ్చెన అందుబాటులో ఉండాలి. దీనికయ్యే ఖర్చును టెండరు ధరలో మొదటే వేసుకోవాలి.

ఎవరైనా సర్టిఫికెట్ ఇప్పిస్తామని వస్తే, వారికి అర్హత ఇచ్చిన సంస్థ పేరు అడిగి, ఆ సంస్థ వెబ్‌సైటులోని జాబితాలో చూడండి. మీ సైటుకు తనిఖీకి ఎవరు, ఏ తేదీన వస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. చెప్పలేకపోతే ఆధార్ కాపీ పంపకండి. ఇప్పటికే అలాంటి సర్టిఫికెట్ కొన్నవారు దాన్ని టెండరు పత్రాలకు జతచేయకండి. నకిలీదని తేలితే టెండరు పోవడమే కాదు, బ్లాక్‌లిస్టులో పడే ప్రమాదమూ ఉంది.