మా మట్టి పాటకూ చోటుండాలి

మీ వ్యాసంలో 1932లో ‘భక్త ప్రహ్లాద’ నుంచి 2023 ఆస్కార్ దాకా తెలుగు సినిమా సంగీతం చరిత్ర రాశారు. ఘంటసాల, రాజేశ్వరరావు గార్ల గురించి రాసింది రెండుసార్లు చదివాను, చాలా బాగుంది. కానీ తెలంగాణ సాయుధ పోరాటం మీద తీసిన ‘మాభూమి’ సినిమా ఊసే లేకపోవడం నల్లగొండవాడిగా నాకు బాధనిపించింది.

అందులోని ‘పల్లెటూరి పిల్లగాడ’ పాట సినిమా కోసం పుట్టింది కాదు. సాయుధ పోరాటం రోజుల్లో సుద్దాల హనుమంతు గారు కట్టిన పాట. ‘బండెనక బండి కట్టి’ కూడా అంతే. బండి యాదగిరి గారు కట్టగా జనం నోట నానిన ఆ పాటను గద్దర్ అందుకుని, గొంగడి కప్పుకుని తెర మీద పాడాడు. ఆర్కెస్ట్రా హంగు ఏమీ లేకుండానే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మా ఇంట్లో ఆ క్యాసెట్ ఉండేది. టేపు చిక్కుకున్నప్పుడల్లా నాన్న పెన్సిల్ పెట్టి మెల్లగా తిప్పి సరిచేసేవాడు. పసులు కాసే పిల్లగాడి పాట వస్తే మా నాయనమ్మ బియ్యంలో రాళ్లేరుతున్న చెయ్యి ఆపేసేది. తను కూడా చిన్నప్పుడు దొర గొడ్లను కాసిందట. పాట అయ్యేదాకా ఎవరం మాట్లాడేవాళ్లం కాదు.

హనుమంతు గారి కొడుకు అశోక్‌తేజ గారికి ‘ఠాగూర్’ సినిమా పాటకు జాతీయ అవార్డు వచ్చింది. తండ్రి పోరాట పాట నుంచి కొడుకు సినిమా పాట దాకా ఒక్క ఇంట్లోనే ఇంత చరిత్ర ఉంది. రెండో భాగం రాస్తే దయచేసి సుద్దాల నుంచి మొదలుపెట్టండి.