ట్రిక్ షాట్ల వల్లే కాదండీ

1957 నాటి మాయాబజార్ సినిమా ఇంకా నిలబడటానికి మార్కస్ బార్ట్‌లే కెమెరా మాయాజాలమే కారణమని మీ వ్యాసంలో రాశారు. కెమెరా గొప్పదే, కాదనను. కానీ మా కోనసీమ ఇళ్ళల్లో పిల్లలు కళ్ళార్పకుండా చూసేది సావిత్రిని. శశిరేఖ రూపమెత్తిన ఘటోత్కచుడిగా ఆ భుజాలు విరుచుకోవడం, పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకు రేలంగి కాలు తొక్కెయ్యడం! దానికి ఏ ట్రిక్కూ అక్కర్లేదు. పాండవులు ఒక్కసారీ కనపడరన్న సంగతే మనకి తట్టదు, కథ అంత పట్టుగా ఉంటుంది. ఇక మాధవపెద్ది సత్యం పాడిన భోజనాల పాటలోని గారెలు, బూరెలు, పులిహోర అమలాపురం వైపు పెళ్ళిబంతుల్లో ఇప్పటికీ వడ్డిస్తారు. ఈ సినిమాకి పింగళి రాసిన మాటల గురించి కూడా ఒక వ్యాసం రాయండి, తప్పకుండా చదువుతాం.