‘ఏడాదికే అందరికీ గ్రాట్యుటీ’: ఫార్వర్డులో ఉన్నదీ, చట్టంలో ఉన్నదీ

నాలుగు లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన దగ్గర్నుంచీ ఒక మెసేజ్ ఆఫీసు గ్రూపుల్లో తిరుగుతోంది. ఏడాది పనిచేస్తే ఎవరికైనా గ్రాట్యుటీ (సర్వీసుకు గాను ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఇచ్చే సొమ్ము), బేసిక్ (మూల వేతనం) మొత్తం జీతంలో సగానికి పెంచాలి కాబట్టి చేతికొచ్చే జీతం తగ్గుదల, మానేసిన రెండు రోజుల్లో లెక్కంతా తేల్చడం, వారానికి నాలుగే పనిరోజులు, ఫర్మ్ భాగస్వాములూ ఇక ఉద్యోగులే... ఇదీ దాని సారం. పూర్తిగా కట్టుకథ కాదు. అందుకే ఆడిట్ ఆఫీసులూ డిజైన్ సంస్థలూ సులువుగా నమ్మేస్తున్నాయి.

‘ఏడాదికే అందరికీ గ్రాట్యుటీ’

అందరికీ కాదు. సామాజిక భద్రత కోడ్ 53వ సెక్షన్‌లో ఐదేళ్ల నిరంతర సర్వీసు షరతు అలాగే ఉంది. పర్మినెంటు ఉద్యోగి మూడేళ్లకు రాజీనామా చేస్తే రూపాయి రాదు. (వర్కింగ్ జర్నలిస్టులకు మాత్రం మూడేళ్లు చాలు.) మరణం, అంగవైకల్యం అయితే ఐదేళ్లు అక్కర్లేదు, అవి పాత చట్టంలోనూ ఉన్న మినహాయింపులే. కొత్తగా చేరింది ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగం: రాతపూర్వక ఒప్పందం గడువు ముగిసి వెళ్తే ఐదేళ్లు అక్కర్లేదు, పనిచేసిన కాలానికి దామాషాగా ఇవ్వాలి. ‘ఏడాది’ అన్న అంకె ప్రభుత్వ ప్రకటనలోంచి వచ్చింది. ఆ సెక్షన్‌లో ఉన్నది దామాషా అన్న మాటే. మినహాయింపు కూడా గడువు ముగియడానికే రాశారు, మధ్యలో మానేసి వెళ్లడానికి కాదు.

ఇక్కడ అసలు చిక్కు ఉద్యోగికి కాదు, యజమానికి. ‘మావాళ్లందరూ కాంట్రాక్టే, ఏడాదికోసారి లెటర్ మారుస్తాం, గ్రాట్యుటీ గొడవ లేదు’ అని ధీమాగా ఉన్న ఫర్మ్‌లు చాలానే ఉన్నాయి. ముగింపు తేదీ రాసిన ఆ లెటర్లే ఇప్పుడు వాళ్ల మెడకు చుట్టుకుంటాయి. గత 12 నెలల్లో ఏ ఒక్క రోజైనా 10 మంది పనిచేసి ఉంటే సంస్థ గ్రాట్యుటీ పరిధిలోకి వస్తుంది. తర్వాత సంఖ్య ఆరుకు పడిపోయినా బయటపడదు.

‘బేసిక్ 50 శాతం చేయాలి, జీతం తగ్గుతుంది’

బేసిక్ మార్చమని కోడ్ ఎక్కడా చెప్పలేదు. మార్చింది ‘వేతనం’ లెక్కని. ఇంటి అద్దె, రవాణా లాంటి మినహాయింపు పద్దులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన మేరకు వేతనంలో కలిపి లెక్కకట్టాలి. జీతం 60,000, అందులో బేసిక్, డీఏ కలిపి 20,000, మినహాయింపు పద్దులు 40,000 అనుకుందాం. సగం అంటే 30,000. పైన ఉన్న 10,000 వేతనంలోకి వస్తుంది. వేతనం 30,000 అవుతుంది.

పీఎఫ్‌ను 15,000 పరిమితి మీదే కోస్తున్న చోట కోత ఇదివరకూ 1,800, ఇప్పుడూ 1,800. చేతికొచ్చేది తగ్గదు. ఇదే సంగతి కార్మిక శాఖ డిసెంబర్‌లో వివరణగా కూడా చెప్పింది. పూర్తి బేసిక్ మీద కోస్తున్న సంస్థలు మాత్రం తమ జీతం చీటీలు మళ్లీ చూసుకోవాలి.

మరి భారం ఎవరి మీద? గ్రాట్యుటీ సూత్రం చివరి నెల వేతనం × 15 ÷ 26 × సర్వీసు ఏళ్లు. పదేళ్ల ఉద్యోగికి 20,000 మీద 1,15,385 రూపాయలు వచ్చేది, 30,000 మీద 1,73,077 అవుతుంది. లెక్క చివరి వేతనం మీద కాబట్టి గడిచిన పదేళ్లకూ పెరుగుదల వర్తిస్తుంది. 2025 అక్టోబర్-డిసెంబర్ ఫలితాల్లో టీసీఎస్ 2,128 కోట్లు, ఇన్ఫోసిస్ 1,289 కోట్లు కొత్త కోడ్‌ల ఖాతాలో ఖర్చు రాసుకున్నది ఇందుకే. పదిహేను మంది ఉన్న ఫర్మ్‌కూ సూత్రం అదే, సున్నాలే తక్కువ.

ఇంకొక మెలిక. ‘స్పెషల్ అలవెన్స్’ అన్నది మినహాయింపుల జాబితాలో పేరు పెట్టి లేదు. కోడ్ పాఠం ప్రకారం అది నేరుగా వేతనమే. సగం సగం లెక్క వేసేముందే దాన్ని వేతనం వైపు పెట్టాలి.

‘రెండు రోజుల్లో మొత్తం సెటిల్‌మెంట్’

రెండు పనిదినాలన్నది వేతనాలకు (వేతనాల కోడ్ 17వ సెక్షన్). తొలగించినా, ఉద్యోగే రాజీనామా చేసినా ఒకటే గడువు. గ్రాట్యుటీకి 30 రోజులుంది. ‘నెలాఖరు పేరోల్‌తో కలిపి వేస్తాం’ అనే అలవాటు మాత్రం ఇక చెల్లదు. ల్యాప్‌టాప్ అప్పగింత, నోటీసు కాలం లెక్క ఆఖరి పనిదినానికి ముందే ముగించుకోవాలి.

‘వారానికి నాలుగు రోజులే’

ఇది వెసులుబాటు, హక్కు కాదు. వారానికి 48 గంటల లెక్క తగ్గలేదు. తెలంగాణలో 2025 జులై ఉత్తర్వు దుకాణాలు కాని వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటలు, వారానికి 48 గంటలని హద్దు పెట్టింది. 10 గంటల చొప్పున నాలుగు రోజులంటే 40 గంటలే, 48 గంటలు నాలుగు రోజుల్లో పట్టవు.

‘భాగస్వామి కూడా ఉద్యోగే’

కాదు. 1985లో రామానుజ మ్యాచ్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిన విషయమిది. భాగస్వామిని పదిమంది లెక్కలో కలపరు, అతనికి గ్రాట్యుటీ రాదు. డీడ్‌లో (భాగస్వామ్య ఒప్పంద పత్రంలో) పేరు లేకుండా, లాభంలో వాటా లేకుండా, విజిటింగ్ కార్డు మీద మాత్రమే ‘పార్ట్‌నర్’ అయిన సీనియర్ సంగతి వేరు. ఆయన ఉద్యోగే.

ఈ గందరగోళం టీడీఎస్‌తో (చెల్లించేటప్పుడే కోసే పన్ను) మొదలైంది. 2025 ఏప్రిల్ 1 నుంచి భాగస్వామికిచ్చే రెమ్యూనరేషన్, బోనస్, కమీషన్, వడ్డీ కలిపి ఏడాదికి 20,000 దాటితే ఆదాయపు పన్ను చట్టం 194టీ సెక్షన్ కింద 10 శాతం కోయాలి; 2026 ఏప్రిల్ నుంచి ఇది కొత్త ఆదాయపు పన్ను చట్టం 393వ సెక్షన్‌లో ఉంది. అది జీతం మీద కోసే టీడీఎస్ కాదు. పుచ్చుకున్న భాగస్వామికి ఆ సొమ్ము వ్యాపార ఆదాయమే. లాభంలో వాటాకు ఈ కోత లేదు. క్యాపిటల్ ఖాతాకు జమ రాసినా, నగదు ఇచ్చినా, ఏది ముందైతే అప్పుడే కోయాలి. నెలనెలా ‘డ్రాయింగ్స్’ (భాగస్వామి సొంతానికి తీసుకునే సొమ్ము) అని తీసుకుని మార్చి 31న రెమ్యూనరేషన్‌లో సర్దేసే ఫర్మ్‌లకు కోత ఆలస్యమైందన్న ప్రశ్న, దాంతోపాటు నెలకు 1 శాతం వడ్డీ ఎదురవుతాయి. మార్చిలో కోసినదాన్ని ఏప్రిల్ 30లోగా కట్టేయాలి.