చార్టరు గారికి ఒక్క నిమిషం

ఊరి పాలనకు రాజ్యాంగము వంటివారును, ఓటర్లు ఒప్పుకొననిదే మారనివారును అగు మహారాజశ్రీ నగర చార్టరు గారి దివ్యసముఖమునకు,

దక్షిణ కాలిఫోర్నియాలో తమరి ఏలుబడిలో ఇల్లు కొనుక్కుని, ఏడాదికి రెండు విడతలుగా ప్రాపర్టీ టాక్స్ కట్టుకుంటున్న విశాఖపట్నం వాడొకడు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను నిద్రలేక ఉన్నాను. అక్కడ తమరు క్షేమమని తలుస్తాను.

నిన్న రాత్రి తమరికి చేయబోయే సవరణ మీద మాట్లాడదామని నగర కౌన్సిల్ మీటింగుకొచ్చాను. ఎజెండాలో దాని పేరు "సర్దుబాటు సవరణ". పాత భాష తీసి కొత్త భాష పెడతారట, అంతేనట. లోపలికి వెళ్లి చూద్దును కదా, "నెలకు కనీసం రెండుసార్లు కౌన్సిల్ సమావేశం కావలెను" అన్న ముక్క కొట్టేసి "కౌన్సిల్ తీర్మానించిన ప్రకారం" అని పెట్టారు. స్కూల్ బోర్డులో సీటు ఖాళీ అయితే ఎన్నిక అక్కర్లేదు, మిగిలిన సభ్యులే తమకు నచ్చినవాణ్ణి కూర్చోబెట్టుకోవచ్చని ఇంకో ముక్క. ఈ రెంటికీ పైన కప్పడానికి "అతడు" ఉన్నచోటల్లా "వారు" అని దిద్దారు. ఆ దిద్దుబాటుకి మాత్రం నాకేమీ అభ్యంతరం లేదండీ.

ఓటరు దగ్గరికి వచ్చేసరికి ఈ భాగోతమంతా బ్యాలెట్ మీద 75 మాటల్లో ఇమడాలి. మొదటి మాట "సర్దుబాటు" అయితే మిగిలిన 74 ఎవరు చదువుతారు?

సరే, వచ్చాను. మాట్లాడతానని స్పీకర్ కార్డు నింపాను. మా అంశం ఎజెండాలో ఆఖరున ఉంది. ముందు జెండా వందనం. తర్వాత సన్మానాలు. రిటైరవుతున్న ఫైర్ కెప్టెన్ గారికి సన్మాన పత్రం, చాలా మంచిది, ఆయన కష్టం ఆయనది. సాఫ్ట్‌బాల్ గెలిచిన ఆడపిల్లలతో ఫోటో, అదీ మంచిదే. ఆ ఫోటోలో పక్కన నిలబడ్డానికి సభ్యులందరూ వేదిక దిగి, ఒక్కొక్క పిల్ల తల్లిదండ్రులకీ ఒక్కొక్క సెల్ఫీ ఇచ్చి, మళ్లీ మెట్లెక్కి కూర్చునేసరికి నా పార్కింగ్ గడువు దాటింది. ఆ తర్వాత ఒక కాఫీ షాపుకి డ్రైవ్‌త్రూ, అంటే కారు దిగకుండానే కాఫీ కొనుక్కునే దారి, ఇవ్వాలా వద్దా అన్న చర్చ. కార్లు రోడ్డు మీదికి వస్తాయని ఒకరు, రావని ఒకరు, వచ్చినా ఫరవాలేదని కన్సల్టెంటు. వీధి విగ్రహం పక్కన బస్సు కోసం నిలబడ్డవాడిలా ఎదురుచూశాను, వచ్చేది మాత్రం నాది కాదు.

ఇంతలో ఇంటి దగ్గర్నుంచి మా ఆవిడ మెసేజ్. స్కూల్ బోర్డు మీటింగు కూడా ఇదే మంగళవారం, ఇదే వేళకి. పిల్లల బస్సు రూట్లు ఎత్తేసే సంగతి అక్కడ, ఆ ఎత్తేసేవాళ్లని ఎవరు నియమించాలన్న సంగతి ఇక్కడ. ఒకే ఇంట్లో ఇద్దరం చెరో మీటింగుకి పోతే పిల్లలకి అన్నం ఎవరు పెడతారో తమరు సెలవియ్యలేదు.

చివరికి పదకొండైంది. పదకొండు దాటితే కొత్త అంశం ఎత్తుకోకూడదని రూలు. ఎత్తుకోవాలంటే ఓటు వేసుకోవాలి. ఆ ఓటు వేసుకోవాలా వద్దా అని చర్చ పెట్టారు! అది సాగినంతసేపట్లో మేము కార్డులు ఇచ్చినవాళ్లమందరం మాట్లాడి, నీళ్లు తాగి, ఇళ్లకు చేరుండేవాళ్లం. ఆఖర్న మేయరు గారు చేతివాచీ చూసుకుని, నవ్వి, "వాయిదా" అన్నారు.

చార్టరు గారూ, మరొక్కసారి మనవి చేస్తాను. సమావేశాలు తగ్గించుకోవడానికి పెట్టిన సవరణ, సమావేశంలో టైం చాలక వాయిదా పడింది.

ఇంత జరిగినా ఒక్కరికి సిగ్గనిపించలేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ రిటైర్డ్ టీచరు, చేతికర్ర పట్టుకుని వచ్చింది. ఆమె కాగితం మడత కూడా విప్పలేదు. మాకు మాట్లాడ్డానికి రాబోయేది మూడు నిమిషాలు కూడా కాదు, కార్డులు ఎక్కువయ్యాయని ఒక నిమిషానికి కుదించారు. ఫోటోలకి కుదింపు లేదు, కాఫీకి కుదింపు లేదు. జనానికొచ్చేసరికే గడియారానికి కాళ్లొచ్చాయి. ఏం, మేము ఊరికే వచ్చామనుకున్నారా? పొద్దున్నే ఉద్యోగాలు మాకు లేవా?

మీ పెద్దన్న లాస్ ఏంజెలెస్ చార్టరు సంగతి చూద్దామా అంటే అక్కడ మరీ వేడుక. కౌన్సిల్ కూర్చునేది మంగళ, బుధ, శుక్రవారాలు పొద్దున్న పదింటికి, అంటే పనీపాటా ఉన్నవాడెవడూ రాలేనప్పుడు. సభ్యులు ఓటు మీట ముట్టుకోకపోతే యంత్రం తనే "అవును" అని రాసుకుంటుంది. 2015 మార్చిలో ఓటింగు పెంచుదామని కౌన్సిల్ ఎన్నికలకొక సవరణ, స్కూల్ బోర్డు ఎన్నికలకొక సవరణ పెట్టారు, రాష్ట్ర, దేశ ఎన్నికలు జరిగే సరి సంవత్సరాలకి మార్చడానికి. ఆ రోజు ఓటేసింది నూటికి పదిమంది అటూ ఇటూగా. సవరణలు గెలిచాయి, ఆ సర్దుబాటులో కొందరు సభ్యులకి పదవీకాలం అయిదున్నరేళ్లైంది. సర్దుబాటంటే నాకు భయం అందుకే.

అయినా నీ మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేకపోతున్నాను. మా విశాఖ కార్పొరేషన్‌కి 2012 నుంచి 2021 దాకా పాలకవర్గమే లేదు, ప్రత్యేకాధికారులే ఏలారు. అక్కడి చట్టం మార్చాలంటే అసెంబ్లీ చాలు, మా నాన్ననెవరూ అడగరు. నిన్ను మాత్రం నన్నడక్కుండా ఒక్క కామా కూడా కదపలేరు. సమావేశాలు జనం ఎదుటే జరపాలనే 1953 నాటి కాలిఫోర్నియా బ్రౌన్ చట్టం పుణ్యమా అని మామూలు మీటింగుకి 72 గంటల ముందు ఎజెండా గోడకి అంటించక తప్పదు, అందులో లేనిది ఆ పూట తేల్చడానికి లేదు. వాళ్లు ఇంత యాతన పడి మమ్మల్ని అలసగొట్టాల్సి వస్తోందంటే, అది నీ వల్లనే.

కాబట్టి చెబుతున్నాను విను. "కనీసం రెండుసార్లు" అన్న ముక్క అలాగే ఉండాలి. స్కూల్ బోర్డు సీటు ఎన్నికతోనే నిండాలి. ప్రజల మాట సన్మానాల కంటే ముందు వినాలని నీలోనే రాయించాలి. పెద్దావిడ ఫోన్ నంబరు తీసుకున్నాను, ఈసారి ఆమెను నేనే కారులో తీసుకొస్తాను. మిగతావాళ్లం తలా ఒక పేరా పంచుకున్నాం, ఒక నిమిషం ఇస్తే ఒక నిమిషం, వరసగా చదువుతాం. పిల్లలకి అన్నం క్యారేజీలో పెట్టి వాళ్లనీ తెస్తాం, ముందు వరసలో కూర్చోబెడతాం, ఫోటోలు కావాలంటే తీసుకోమను.

ఇట్లు,
వాయిదా పడ్డ అంశం తాలూకు స్పీకరు