మూడా, ఎనిమిదా?

బెంగళూరు మారతహళ్ళిలో మనవాళ్ళే ఎక్కువగా ఉండే ఒక అపార్ట్‌మెంటు. బేస్‌మెంట్లో మారుతి 800, 2004లో గుంటూరులో రిజిస్టరైంది. టైర్లలో గాలి పోయి, పిల్లులకు ప్రసూతి వార్డుగా స్థిరపడింది. ఓనరు రిటైర్డ్ లెక్కల మాస్టారు. శివాజీనగర్ గుజరీకి, అంటే పాత సామాన్ల బజారుకి తోసేస్తే పీడా పోయేది గానీ, బండి ముక్కలైనా ఆర్సీ ఆయన పేరు మీద బతికే ఉంటుంది. ఆ నంబరు ప్లేటు ఎవడు తగిలించుకు తిరిగినా చలానా మాస్టారికే. పైగా ఇంజన్ ఆయిలు మోరీలోకి, బ్యాటరీ యాసిడ్ మట్టిలోకి.

అందుకని పాత బండ్లను తుక్కు చేసే, ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాపింగ్ కేంద్రం. ఏ రాష్ట్రం బండైనా ఏ కేంద్రంలోనైనా ఇవ్వచ్చు. బండి అప్పగించినట్టు వాళ్ళిచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ చూపిస్తే కొత్త సొంత కారు ట్యాక్సులో 25 శాతం దాకా రాయితీకి 2021 కేంద్ర నిబంధనల్లోనే దారి ఉంది. మాస్టారి కన్ను దాని మీదే. ఆర్సీ, ఆధార్, పాన్, క్యాన్సిల్డ్ చెక్కు సిద్ధం. లోను ఎప్పుడో తీరినా ఆర్సీ మీద హైపోథికేషన్, అంటే బండి తాకట్టులో ఉందన్న రాత, చెరగలేదు, అప్పిచ్చిన బ్యాంకేమో ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. బాకీ లేదని బ్యాంకు ఇవ్వాల్సిన ఆ ఎన్‌ఓసీ పురాణం ఇప్పుడొద్దు.

లారీ వచ్చింది. డ్రైవరు బానెట్ ఎత్తి, ఇంజన్ వెనక రేకు మీద టార్చి కొట్టి, "నంబర్ కాణ్తా ఇల్ల సార్" అన్నాడు. నంబరు కనబడట్లేదట.

ఛాసిస్ నంబరు, అంటే బండి రేకు మీద కొట్టిన గుర్తింపు నంబరు. తుప్పు కింద ఉంది. దాన్ని బయటికి తీయడానికి ఒక పద్ధతుంది: డీజిల్లో ముంచిన గుడ్డతో మెల్లగా తుడిచి, ఆరాక సుద్దపొడి రుద్ది, టార్చి ఏటవాలుగా పట్టాలి. పొడి గుంటల్లో నిలిచి అంకె తెల్లగా తేలుతుంది. మాస్టారు వైర్ బ్రష్ తెచ్చారు. "వద్దండీ" అనేలోపే బరబరా గీకేశారు. పంచింగ్ లోతే అంతంతమాత్రం. తుప్పుతో పాటు ఒక అంకెకు ఎడమ పక్క కూడా పోయింది.

చివరి నుంచి రెండోది. మూడా, ఎనిమిదా?

బ్లాకంతా దిగొచ్చింది. మొదటి అంతస్తు సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఫోన్లో ఫొటో తీసి, పెద్దది చేసి, మూడన్నాడు. వాళ్ళావిడ అదే ఫొటో తిప్పి చూసి ఎనిమిదంది. సెక్రటరీ గారు ముందున్న గుండ్రాన్ని పట్టుకుని అది ఇంగ్లిష్ 'ఓ' అక్షరమని గొడవ పెట్టుకున్నారు. 17 స్థానాల ఛాసిస్ నంబర్లో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు, కాబట్టి అది సున్నాయే. ఆ మాట చెబితే ఆయన అలిగి కుర్చీ తెప్పించుకున్నారు.

ఆర్సీ చూస్తే పోలా? లామినేషన్ మడత సరిగ్గా ఆ అంకె మీదే. సరే, రవాణా శాఖ యాప్. యాప్ ఛాసిస్ నంబర్లో కొంత భాగం కప్పేసి చూపిస్తుంది. బండి ఓనరుకే బండి నంబరు దాచిపెట్టే భద్రత! ట్యాక్సు కట్టమన్నప్పుడు మాత్రం మొత్తం వాళ్ళకు కంఠతా.

పాత ఇన్సూరెన్సు కాగితం మీద పూర్తి నంబరుంటుందని గుర్తొచ్చి, మాస్టారి భార్య మంచం కింద పెట్టె తీశారు. కాగితం దొరికింది. అందులో ఉన్నది మూడూ కాదు, ఎనిమిదీ కాదు. బి.

చివరి నాలుగు స్థానాలూ అంకెలే అయి తీరాలి. ఎవడో గుమాస్తా ఎనిమిదిని బి అని కొట్టాడు. ప్రీమియం తీసుకున్నన్నాళ్ళూ ఒక్కడికీ అనుమానం రాలేదు. అంటే మాస్టారు ఇన్నేళ్ళూ లేని కారుకు ఇన్సూరెన్సు కట్టారు.

"మూడుకు బి అని ఎవరూ కొట్టరు. కాబట్టి ఎనిమిదే," అని మాస్టారు రుజువు చేశారు. డ్రైవరు రుజువులు వినే రకం కాదు. జేబులోంచి సుద్దముక్క తీసి, పొడి రుద్ది, కాగితం పరిచి పెన్సిల్‌తో అచ్చు తీశాడు. ఎడమ పక్క సన్నగా గీత తేలింది. ఎనిమిది.

మాస్టారు అందరి వంకా విజయగర్వంతో చూశారు. డ్రైవరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మసి పట్టిన ఇంజన్ బ్లాకు వైపు వంగి, "ఇంజన్ నంబర్ ఎల్లిదె సార్?" అన్నాడు, అదెక్కడుందని.

వైర్ బ్రష్ అప్పటికే మాస్టారి చేతిలో ఉంది.